బరోడా ఒప్పందం: డాక్టర్ అంబేడ్కర్ విదేశీ విద్య

1913 జూన్ 4వ తేదీన బరోడా సంస్థాన విద్యాశాఖ ఉపమంత్రి ఎదుట ఇరవై రెండేళ్ల యువకుడొకరు ఒక ఒప్పంద పత్రంపై సంతకం చేశారు. సంస్థానం మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్ల వంతున ఉపకార వేతనమిచ్చి ఆయనను అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపుతుంది. ఆయన నిర్ణయించిన విషయాలనే చదివి, తిరిగివచ్చి పదేళ్లు సంస్థానంలో కొలువు చేయాలి. ఆ యువకుడే భీమరావు రామ్‌జీ అంబేడ్కర్.

ఆ సంతకం వరకు నడచిన దారి సుగమమైనది కాదు. 1891 ఏప్రిల్ 14న మహూ సైనిక స్థావరంలో, మహర్ కులంలో, సుబేదారు రామ్‌జీ సక్పాల్ కుమారునిగా ఆయన జన్మించారు. సతారా బడిలో తోటి పిల్లలకు దూరంగా గోనెపట్టా పరచుకొని కూర్చున్న బాలుడు బొంబాయికి వచ్చి, పరేలులోని ఇరుకు చాళ్లలో పెరిగారు. మిల్లుల నడుమ నున్న ఆ చాళ్ల జీవితం బొంబాయి తెలుగు కుటుంబాలకు తెలియనిది కాదు. ఒకే గదిలో సంసారమంతా సర్దుకోవలసి ఉండగా, తండ్రి కుమారుని తెల్లవారుజామున లేపి చదివించేవారు. హైస్కూలులో సంస్కృతం నేర్చుకొనే వీలు లేకపోవడంతో పారశీకం తీసుకోవలసివచ్చింది. 1907లో ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు నుండి మెట్రిక్యులేషన్‌లో ఉత్తీర్ణులయ్యారు.

బడి విడిచిన తరువాత చర్నీరోడ్డు తోటలో పుస్తకం పట్టుకొని కూర్చొనే ఈ విద్యార్థిని కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు గమనించారు. కళాశాల చదువు మధ్యలో తండ్రి చేతిలో డబ్బు అయిపోయినప్పుడు, ఆ కుర్రవాణ్ణి బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ సముఖానికి తీసుకువెళ్లినదీ ఆయనే. మహారాజు కొన్ని ప్రశ్నలడిగి, సమాధానాలకు తృప్తిచెంది నెలకు 25 రూపాయలు మంజూరు చేశారు. ఒక ఉపాధ్యాయుని పూనిక లేకపోతే ఆ తరువాతి కథ లేదు. చరిత్ర పుస్తకాలు కేలూస్కర్ గారికి ఒక వాక్యంతో సరిపెట్టడం న్యాయంగా తోచదు.

1912లో బి.ఏ. ముగిసింది. మరుసటి జనవరిలో బరోడా కొలువులో చేరిన కొద్ది రోజులకే తండ్రి జబ్బు కబురు అందింది. తిరుగు ప్రయాణంలో తండ్రి కోసం మిఠాయి కొనడానికి సూరత్ స్టేషన్‌లో దిగి రైలు తప్పిపోయారు. మర్నాడు ఇల్లు చేరేసరికి తండ్రి కడపటి ఘడియల్లో ఉన్నారు. 1913 ఫిబ్రవరి 2న రామ్‌జీ కన్నుమూశారు. కుటుంబ భారం భుజాన పడిన ఆ వేళలోనే, మహారాజు కొందరు విద్యార్థులను అమెరికాకు పంపదలచినట్లు తెలిసి దరఖాస్తు చేశారు. దాని ఫలితమే ఆ ఒప్పందం.

జూలైలో న్యూయార్క్ చేరిన అంబేడ్కర్, తన చేతికి వచ్చినది మూడేళ్ల కాలమే అన్న సంగతి ఒక్కనాడూ మరువలేదు. నెల జీతంలో కొంత ఇంటికి పంపుతూ, తిండి తగ్గించుకొని పాత పుస్తకాల దుకాణాల్లో గ్రంథాలు కొన్నారు. 1915లో ఎం.ఏ., 1916 మే నెలలో భారతదేశపు కులాల పుట్టుకపై సుప్రసిద్ధ వ్యాసం, జూన్‌లో డాక్టరేటు సిద్ధాంత గ్రంథం వరుసగా వచ్చాయి. అయితే ఆనాటి నియమం ప్రకారం గ్రంథాన్ని అచ్చువేయించి ప్రతులు సమర్పిస్తేనే పట్టా. అచ్చుకు డబ్బేది? ఆ గ్రంథం 1925లో వెలువడింది, పట్టా 1927లో చేతికందింది. గ్రంథాన్ని సయాజీరావు మహారాజుకే అంకితమిచ్చారు.

లండన్‌లో చదువు కొనసాగించడానికి సంస్థానం మరొక ఏడాది గడువు మాత్రమే ఇచ్చింది. ఆర్థికశాస్త్ర పరిశోధన సగంలో వదలి 1917 ఆగస్టులో తిరిగిరావలసివచ్చింది. వేరే ఓడలో వేసిన ఆయన పుస్తకాలు యుద్ధకాలపు టార్పెడో దాడిలో సముద్రం పాలయ్యాయి.

సెప్టెంబరులో ఒప్పందం ప్రకారం బరోడా చేరారు. కొలంబియాలో చదివి వచ్చిన అధికారికి ఆ నగరంలో అద్దె గది దొరకలేదు. పారసీ పేరు పెట్టుకొని ఒక పారసీ సత్రంలో తలదాచుకున్నారు. కచేరీలో జవానులు కాగితాల కట్టలను దూరం నుండి బల్లపైకి విసిరేవారు. పదకొండో రోజున కర్రలు పట్టుకొని సత్రాన్ని చుట్టుముట్టిన పారసీలు సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఇద్దరు మిత్రులను ఆశ్రయించినా ఆశ్రయం దొరకలేదు. రైలువేళ వరకు ఒక ఉద్యానవనంలో కూర్చొని, కన్నీటితో బొంబాయి బయలుదేరారు. పదేళ్ల కొలువు కొద్ది దినాలకే ముగిసింది. చదివించడానికి సంస్థానం వెచ్చించిన ధనం ఎంతైనా, చదివినవానికి ఒక గది ఇప్పించడానికి మహారాజు ఆజ్ఞ సైతం చాలలేదు.

ఆగిన చదువును ఈసారి స్వార్జితంతో పూర్తిచేయదలచారు. 1918 నవంబరు నుండి సిడెన్‌హామ్ కళాశాలలో నెలకు 450 రూపాయల జీతంపై బోధించి, పొదుపుచేసి, కొల్హాపూర్ శాహూ మహారాజు సాయం పొందారు. కొలంబియాలో సహవాసి అయిన నవల్ భథేనా అయిదు వేల రూపాయలు అప్పిచ్చారు. ఆయన పారసీయే. 1920లో లండన్ చేరి, బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో తలుపులు తెరచింది మొదలు మూసేదాకా చదివారు. 1921లో ఎం.ఎస్‌సి., 1923లో రూపాయి సమస్యపై రచించిన గ్రంథానికి డి.ఎస్‌సి. పొందారు.

1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యులైన వెంటనే, షెడ్యూల్డు కులాల విద్యార్థుల చదువుకు ప్రభుత్వ ధనం కేటాయించాలని వైస్రాయికి విజ్ఞాపన పత్రం సమర్పించారు. 1944లో మెట్రిక్ అనంతర ఉపకార వేతనాలు ఆరంభమయ్యాయి. విదేశాలకు వెళ్లే షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థులకు జాతీయ ఉపకార వేతన పథకం 1954-55లో ఏర్పడింది. అప్పటికి ఆయన మంత్రిపదవి విడిచి మూడేళ్లు దాటింది. 1946లో తాను స్థాపించిన బొంబాయి సిద్ధార్థ కళాశాలకు తన పుస్తకాలను ఇచ్చివేసి, 1956 డిసెంబరు 6న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు.