పెద్దవయసు ఆడవాళ్ళకు బడి పెట్టిన దుర్గాబాయమ్మ

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరెత్తగానే ఎవరికైనా 1923 నాటి కాకినాడ కాంగ్రెసు ముచ్చట గుర్తుకొస్తుంది. ఖద్దరు ప్రదర్శన గుమ్మంలో వలంటీరుగా నిలబడ్డ పధ్నాలుగేళ్ళ పిల్ల, టిక్కెట్టు లేదని నెహ్రూనే ఆపేసింది. ముచ్చట బాగుంటుంది, కాదనం. అయితే మగదిక్కు లేని పల్లెటూరి ఆడవాళ్ళు ఉద్యోగాల్లో చేరడానికి ఆమె వేసిన దారి సంగతి చెప్పుకునేవారు తక్కువ.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్ళనన్నారు. తండ్రి, తమ్ముడు ఆమె పక్షానే నిలిచారు. బళ్ళో ఇంగ్లీషు రుద్దుతున్నారని పన్నెండో ఏటనే చదువు మానేసి, తానే ఆడపిల్లలకు హిందీ పాఠశాల నడిపారు. ఆ తర్వాత ఉప్పు సత్యాగ్రహం, మద్రాసులో అరెస్టు. 1930, 1933 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్ళారు. వేలూరు జైలులో నేరం చేసి వచ్చిన ఆడవాళ్ళతోబాటు, చదువు రాక, కోర్టులో ఏం చెప్పాలో తెలియక శిక్ష పడినవాళ్ళను కూడా చూశారు. లా చదవాలన్న పట్టుదల ఆమెకు అక్కడే పుట్టింది.

పట్టుదల ఉంది కాని చేతిలో ఒక్క సర్టిఫికెట్టు లేదు. జైలు నుంచి వచ్చేనాటికి ఇరవై మూడేళ్ళు దాటాయి. ఆ వయసులో ఇంట్లో చదువుకుని కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు కట్టి గట్టెక్కారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళితే ఆడవాళ్ళకు హాస్టలు లేదు, సీటు ఇవ్వలేమన్నారు. చదవదలచిన ఆడవాళ్ళు ఎవరైనా ఉంటే రమ్మని ఆమె పత్రికలో ప్రకటన వేయించి, వచ్చినవాళ్ళను పోగుచేసి హాస్టలు పెట్టించారు! బి.ఎ. అయ్యాక మద్రాసులో లా పూర్తిచేసి వకీలయ్యారు.

తాను దాటిన ఏరు ఇతరులనూ దాటించాలనే తాపత్రయం అప్పటికే మొదలయింది. 1937 ప్రాంతంలో మద్రాసులో తాము ఉంటున్న పేటలోని పిల్లలను చేరదీస్తే, వెంట తల్లులు వచ్చారు. అదే ఆంధ్ర మహిళా సభగా ఎదిగింది. చిన్నతనంలోనే భర్త పోయినవాళ్ళు, మొగుడు వదిలేసినవాళ్ళు అక్కడ చేరి కాశీ మెట్రిక్‌కు చదివేవారు. చదువుతోబాటు కుట్టుపని, నేత నేర్పేవారు. తర్వాత నర్సుల శిక్షణ కూడా వచ్చింది.

రాజ్యాంగ సభలో కూర్చున్న ఈమె 1952 ఎన్నికల్లో రాజమండ్రి నుంచే నిలబడి ఓడిపోయారు. సొంత ఊరు చేసిన ఆ పని మంచికే వచ్చిందేమో! ఆ ఏడే ప్రణాళికా సంఘంలో సభ్యత్వం దక్కింది. 1953లో ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌తో వివాహం జరిగింది. అదే ఏడాది కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు.

అప్పట్లో ఒక చిక్కు వచ్చిపడింది. పల్లెలకు గ్రామసేవికలు, బాలసేవికలు, నర్సులు, మంత్రసానులు, టీచర్లు కావాలి. కొన్నిటికి ఎనిమిదో తరగతి, కొన్నిటికి మెట్రిక్ పాసయి ఉండాలి. పాసయిన పట్నం పిల్లలు పల్లెకు రారు. పల్లెలో ఉండే ఆడవాళ్ళకు పాసు లేదు. పుట్టింట్లో వదినగారి చేతి కింద వంటచేస్తూ బతుకు వెళ్ళబుచ్చే విధవరాలికి పని అవసరం, ఊరికి ఆమె అవసరం. నడుమ అడ్డం ఆ కాగితమే. 1958లో బోర్డు పెట్టిన రెండేళ్ళ క్లుప్త విద్యా కోర్సు ఆ అడ్డం తీయడానికే. బోర్డు సొంతంగా బళ్ళు కట్టలేదు. మహిళా సంఘాలకు గ్రాంటు ఇచ్చింది. టీచర్ల జీతం, చదివేవారి భోజనం, బస అందులో నుంచే. ఇల్లు వదిలి హాస్టల్లో ఉండి చదవాలి. ఇంటి చాకిరీ తప్పితేగాని పుస్తకం తెరవడం కుదరదని ఆమెకు తెలుసు.

ఏళ్ళ తరబడి సాగే చదువును రెండేళ్ళలో మింగడం మాటలు కాదు. లెక్కలు, ఇంగ్లీషు దగ్గర తప్పినవాళ్ళూ ఉన్నారు. పాసయినవాళ్ళకు మాత్రం జీతం వచ్చింది, చేతి సంతకం వచ్చింది, పుట్టింట మాట చెల్లింది.

దుర్గాబాయమ్మకు 1975లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. అప్పటికి మహిళా సభ హైదరాబాదులోనూ వేళ్ళూనుకుని, కళాశాలతోబాటు పెద్దలకు అక్షరాలు నేర్పే సాక్షరతా భవనాన్ని కూడా నడుపుతోంది.