ఒరిగిన చక్రము

1913వ సంవత్సరము జూలై మాసమున, ఫ్రాన్సు దేశమందలి అమియాన్ పట్టణ సమీపమున, పందొమ్మిదేండ్ల యువకుడొకడు బాట ప్రక్కన కెమెరా పట్టుకొని నిలిచియుండెను. ఆనాడచ్చట గ్రాండ్ ప్రీ మోటారు పందెము. దూరమున ధూళి లేచెను. ఆరవ సంఖ్య గల కారు దూసికొనివచ్చెను. యువకుడు కెమెరాను దానివెంట త్రిప్పుచు మీట నొక్కెను. తరువాత గాజుపలకను కడిగి చూచుకొనగా చిత్రము చెడినదని తోచెను. కారు ముందుభాగము పలకలో పడనేలేదు. వెనుకచక్రము గుండ్రదనము గోల్పోయి, కోడిగ్రుడ్డువలె సాగి ముందునకు వ్రాలెను. చూడవచ్చిన జనులు, బాట ప్రక్కనున్న స్తంభములు వెనుకకొరిగినట్లు కనుపట్టెను. అతడా పలకను ప్రక్కన పడవైచెను.

ఆ యువకుడే జాక్ ఆన్రీ లార్తీగ్. 1894 జూన్ 13న పారిస్ చెంతనున్న కూర్బెవ్వాలో సంపన్నగృహమున జన్మించెను. దేహము దుర్బలము. చూచిన సంతోషమెల్ల గడచిపోవుచున్నదే, దానిని నిలుపుటెట్లను చింత పసితనముననే అతనిని పట్టుకొనెను. రెప్పలు చటుక్కున మూసి తెరచి, గిరగిర తిరిగి, కన్నులతోనే లోకమును బంధింప యత్నించెడివాడట! కొన్నాళ్లకు ఆ విద్య పనిచేయక దుఃఖపడెను. తండ్రి స్వయముగా ఛాయాచిత్రములు తీయువాడు; ఏడెనిమిదేండ్ల కుమారున కొక కెమెరా నిచ్చెను. ఆ పెట్టెయే బాలుని చింతకు మందయ్యెను. అన్న మోరిస్ చక్రముల బండ్లను, గాలిలో నెగురు యంత్రములను కట్టుచుండగా, తమ్ముడు వాని పరుగును, పాటును గూడ చిత్రించుచుండెను.

మోటారు పందెమును చిత్రించువానికి రెండు చిక్కులు. తెర తెరచియుంచు కాలము హెచ్చినచో కారు చెదరి వట్టి గీతయగును; తగ్గినచో పలకపై చాలినంత వెలుతురు పడదు. ఆనాటి పలకలు నేటి ఫిల్మువలె చురుకైనవి కావు. లార్తీగ్ కెమెరాలో పలకకు ముందొక నల్లని తెర, అందొక సన్నని చీలిక. మీట నొక్కినంతనే ఆ చీలిక పైనుండి క్రిందికి జారుచు పలకను పట్టెలు పట్టెలుగా వెలిగించును. కెమెరాలో బొమ్మ తలక్రిందుగా పడును గాన, చక్రము అడుగుభాగము మొదటను, పైభాగము పిదపను పలకపై నిలిచెను. ఆ నడుమనే కారు కొంత ముందునకు సాగెను, చక్రము వ్రాలినదందుచేతనే. కెమెరా కారుతోపాటు తిరిగినను దాని వేగము నందుకొనలేదు. అయినను ఆ త్రిప్పుటచేతనే నిలుచున్న జనులు వెనుకకొరిగిరి. దీనిని కేవలము ఘుణాక్షరన్యాయమని కొట్టివేయరాదు. ఒరుగుట యంత్రము చేసిన పని. పరుగెత్తు వస్తువు వెంట చేయి తిరుగుట పదేండ్ల సాధన ఫలము.

అయినను లార్తీగ్ చిత్రకారుడుగా పేరొందగోరెను. 1919లో సంగీతకర్త ఆంద్రే మెసాజే కుమార్తెను వివాహమాడెను. 1922 నుండి తన వర్ణచిత్రములను ప్రదర్శించుచు వచ్చెను. కుటుంబసంపద క్షీణించెను. ఛాయాచిత్రములు మాత్రము ఇంట ఆల్బములలోనే చిరకాలము దాగియుండెను.

1963లో న్యూయార్కు ఆధునిక కళాసంగ్రహశాలలో జాన్ సార్కోవ్‌స్కీ వానిని ప్రదర్శించునాటికి లార్తీగ్‌కు అరువదితొమ్మిదేండ్లు. ఆ యేటనే లైఫ్ పత్రిక వానిని ముద్రించెను. ఆ సంచికయే కెనడీ మరణవార్తను మోసికొనిపోయినది గాన అసంఖ్యాకులు చూచిరి. ఏబదేండ్లనాడు పనికిరాదని త్రోసివేసిన కారు చిత్రము అతని పేరుతో విడదీయరానిదయ్యెను. కుంచె పట్టి గడపిన ఏండ్లను తలచినవారు అరుదు. ముసలితనమున వచ్చిన ఈ కీర్తి ఆ చిత్రకారునకు కొంత చేదుగా నుండకపోవునా?

చిత్రమేమనగా, ఆ ఛాయాచిత్రము క్రింద చాలకాలము 1912 అనియు, డెలాజ్ కారనియు వ్రాయబడుచుండెను. అది 1913 నాటి అమియాన్ పందెమనియు, కారు ష్నైడర్ అనియు పిదప పరిశోధకులు తేల్చిరి. క్షణమును జారనీయరాదని బాల్యమునుండి దినచర్య వ్రాసికొనిన వాని ప్రఖ్యాతచిత్రమునకే తేది తప్పెను!

1974లో ఫ్రాన్సు అధ్యక్షుడు జిస్కార్ దెస్తాంగ్ తన అధికారిక చిత్రమును ఈ వృద్ధునిచేతనే తీయించుకొనెను. 1979లో లార్తీగ్ తన ఆల్బములను, పలకలను ఫ్రెంచి ప్రభుత్వమునకు దానమిచ్చెను. నీస్ నగరమున 1986 సెప్టెంబరు 12న, తొంబదిరెండవ యేట కన్నుమూసెను.