అముండ్సెన్ సాహసము

శ్రీహరికోటనుండి 2013 నవంబరు 5వ తేదీన బయలుదేరిన మన మంగళయానము 2014 సెప్టెంబరు 24వ తేదీన కుజగ్రహ కక్ష్యను ప్రవేశించినది. దానిలో మనుష్యుడు లేడు. ఇక మనుష్యులనే యచటికి పంపవలెనను సంకల్పములు బయలుదేరినవి. పీల్చుటకు తగిన గాలిలేని యా శీతలభూమికై ప్రాణములొడ్డుట యుక్తమా యను ప్రశ్నయు పుట్టినది. ఈ సందర్భమున నార్వే దేశీయుడగు రోఆల్డ్ అముండ్సెన్ జీవితమును స్మరించుట యుచితమని తలంచుచున్నాము.

ఆయన 1872లో ఓడల యజమానుల కుటుంబమున జన్మించెను. తల్లి కోరికననుసరించి వైద్యవిద్య నభ్యసించుచుండి, 1893లో ఆమె గతించినపిదప దానిని విడిచి సముద్రమునే నమ్ముకొనెను. 1898లో ఆయన పనిచేయుచున్న బెల్జికా యను నోడ దక్షిణధ్రువ ప్రాంతపు మంచులో చిక్కుకొని శీతకాలమంతయు కదలలేకపోయెను. స్కర్వీ వ్యాధి సోకిన నావికులు సీలు, పెంగ్విను మాంసము తిని బ్రతికిరి. అపాయమును ముందుగా నెరుగుటయే రక్షణయని ఆయనకచట తెలిసెను.

అమెరికాకు ఉత్తరమునగల మంచుసముద్రములలో మార్గము వెదకబోయిన ఆంగ్లేయుడు ఫ్రాంక్లిన్, 1845 నాటి యాత్రలో తనతోగూడ 129 మందిని పోగొట్టెను. ఆ మార్గమునకే అముండ్సెన్ 1903లో ఆర్గురు సహచరులతో చిన్న యోడపై వెడలెను. నాగరకులమని గర్వించువారు చులకనగా జూచిన ఎస్కిమోల చెంత రెండు శీతకాలములు శిష్యుడై, తోలుదుస్తులు ధరించుటయు, కుక్కలబండి నడపుటయు నేర్చి, 1906లో యాత్ర ముగించెను. అంతకు ముందటి యేడే నార్వే స్వీడనుతోడి రాజ్యబంధమును త్రెంచుకొని స్వతంత్రమైయుండెను.

ఆయన దోషమును మేము దాచము. దక్షిణధ్రువమును స్కాటుకంటె ముందుగా చేరవలెనను తొందరలో 1911 సెప్టెంబరు 8వ తేదీననే బయలుదేరి, భయంకరమగు చలికి తాళలేక మరలెను. మరలునపుడు వెనుకబడినవారికొరకు నిలువక తాను ముందు సాగిపోయెను. చలికి కాళ్లు చెడిన సహచరుని జొహాన్సెన్ అనునాతడు శిబిరమునకు చేర్చి నాయకుని నిందించెను. నిజము పలికిన యాతనిని అముండ్సెన్ ధ్రువయాత్రనుండి తొలగించెను. పిదప అక్టోబరు 19వ తేదీన నల్గురితోను 52 కుక్కలతోను వెడలి, డిసెంబరు 14వ తేదీన ధ్రువమును చేరెను. కుక్కలలో పెక్కింటిని ఆహారమునకై చంపిరి. మనుష్యులైదుగురును క్షేమముగా మరలిరి. 1912 జనవరి 17వ తేదీన ధ్రువమును చేరిన స్కాటు బృందమున ఐదుగురును తిరుగుదారిలో మరణించిరి.

1926లో నోబిలె అను ఇటాలియనుతో కలసి ఆయన వాయునౌకలో ఉత్తరధ్రువము మీదుగా ప్రయాణించెను. పిమ్మట వారిర్వురకు వైరము గలిగెను. 1928లో నోబిలె మరియొక వాయునౌకతో మంచుపై కూలినపుడు, ఆ వైరమును లెక్కింపక అముండ్సెన్ జూన్ 18వ తేదీన వెదకుటకై విమానమెక్కెను. విమానమందలి ఆర్గురిలో నొక్కరును తిరిగిరాలేదు. నోబిలెను ఇతరులు రక్షించిరి.

అపాయమునకు వెరచి యింట కూర్చుండుమని మేమెవ్వరికిని చెప్పము. కాని అముండ్సెన్ తొందరపడినపుడు మరలివచ్చుటకు దారి యుండెను. తెలియనిది నేర్పుటకు ఆ మంచుసీమ ప్రజలుండిరి. కుజయాత్రికులకు నెలల దూరమున ఈ రెండును లేవు. కావున యంత్రములు ముందుపోయి ఆ నేలను శోధింపవలెను. పోవువారు సర్వమునెరిగి సమ్మతింపవలెను. పరదేశముతోడి పోటీకై ముహూర్తము నిర్ణయింపరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, వలదని హెచ్చరించు జొహాన్సెనును తొలగింపక వినవలెను. అట్టి యేర్పాటులతో సాగు సాహసమే మానవజాతికి శ్రేయస్కరమని మా యభిప్రాయము.