రాజా దీనదయాళు

కాలము సర్వమును మ్రింగును. రాజులు కట్టించిన కోటలు కూలును. తాతలు చూచిన ఊరిని మనుమలు ఎరుగరు. అట్లు పోవుదానిని గాజుపలకపై నిలిపి మనకు దక్కించిన మహనీయులలో రాజా దీనదయాళు అగ్రగణ్యుడు. హైదరాబాదు సంస్థానముతో ఆయనకు గల సంబంధముచే ఆయన చరిత్ర తెలుగువారికి విశేషముగా తెలిసికొనదగినది.

దీనదయాళు 1844వ సంవత్సరమున మీరట్టు సమీపమునగల సర్ధనా పట్టణమున జైన కుటుంబమున జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరునందు మరామతు శాఖలో అంచనాలు కట్టుటకును, నక్షాలు గీయుటకును ఉద్యోగిగా చేరెను. గోడ పొడవెంత, ఎత్తెంత, ఖర్చెంత అని లెక్కించుట ఆయన నిత్యకృత్యము. 1874 ప్రాంతమున ఛాయాగ్రహణ విద్యను చేపట్టగా, కొలతకు అలవాటుపడిన ఆ కన్నే ఆయన చిత్రములకు ప్రాణమయ్యెను.

ఆ దినములలో ఫోటో తీయుట మీట నొక్కినంత సులభము గాదు. గాజుపలకపై కొలోడియను అను జిగురు ద్రావకమును సమముగా పోసి, వెండి లవణము కలిపిన నీటిలో ముంచి, తడి యారకమునుపే కెమెరాలో నుంచి దృశ్యమును గ్రహింపవలెను. వెనువెంటనే చీకటి గుడారములోనికి కొనిపోయి మందులతో కడుగవలెను. ఎండకు పలక యారినచో శ్రమయంతయు వృథా. పలకలు, సీసాలు, గుడారము, నీరు మోయించుకొని కొండలెక్కవలసియుండెను. కొంతకాలమునకు పొడిపలకలు వచ్చి తొందర తగ్గినను, గాజు బరువు మాత్రము తగ్గలేదు.

ఇండోరు ప్రభువైన తుకోజీరావు హోల్కరును, దొరతనమువారి ప్రతినిధి సర్ హెన్రీ డేలీయును ఆయనను ప్రోత్సహించిరి. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ ప్రాంతమున సంచరించి అచ్చటి కోటలను, ఆలయములను చిత్రించెను. గ్వాలియరు మొదలగు స్థలముల చిత్రములతో 1886లో మధ్యభారత కట్టడములను గూర్చిన గ్రంథము వెలువడెను. కట్టడమును ఒంటరిగా చూపక, చుట్టునున్న కొండను, నీటిని, చెట్టును కూడ కూర్చుట ఆయన పద్ధతి. చూచువానికి ఆ స్థలమునందే నిలిచినట్లుండును.

1885లో రాజప్రతినిధి డఫరిన్ ప్రభువు ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించెను. అప్పుడు దీనదయాళు గొప్ప సాహసమునకు పూనుకొనెను. ఇరువది యేండ్ల సర్కారు కొలువును, దానివలని నిశ్చింతను విడిచి, కళనే జీవనాధారము చేసికొనెను. సికిందరాబాదులో చిత్రశాల తెరచెను. ఆరవ నిజాము మహబూబు అలీఖాను ఆయనను ఆస్థాన చిత్రకారునిగా చేసికొని, 1894లో రాజా బిరుదమును ముసవ్విర్ జంగ్ బిరుదమును ఒసగెను. ఘోషా స్త్రీల కొఱకు 1892లో హైదరాబాదున ప్రత్యేక చిత్రశాలను నెలకొల్పి, దానిని ఒక ఆంగ్ల వనితకు అప్పగించెను. 1896లో బొంబాయిలోను చిత్రశాల వెలసెను.

దర్బారులును, పులివేటలును మాత్రమే ఆయన చిత్రశాలవారి కంటబడలేదు. ఔరంగాబాదు జిల్లా కరవు పాలైనప్పుడు అచ్చటి నివారణ పనులను, బక్కచిక్కిన జనులను సైతము వారు చిత్రించిరి. నవాబు రత్నహారము ఎంత స్పష్టముగా పడినదో, పేదవాని ప్రక్కటెముకలును అంత స్పష్టముగానే పడినవి. కరవు మాటను కాగితముపై తగ్గించి వ్రాయవచ్చును. ఆ పలకలను తగ్గించుట సాధ్యము కాదు.

దీనదయాళు 1905 జులై 5వ తేదీన పరమపదించెను. పిదప వ్యాపారము క్షీణించెను. పలకలలో పెక్కు నశించినవి. మిగిలినవానిలో 2,857 గాజుపలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించెను. 2006లో భారత తపాలా శాఖ ఆయన పేర బిళ్ల వెలువరించెను.

తీయుట ఒకని నేర్పు. కాపాడుట పెక్కుమంది పూనిక. పగిలిన పలకలోని ఊరు మరల కంటికి కనబడదు. చెదలు తిన్న పుస్తకములోని మాట మరల చెవికి వినబడదు. తరువాతివారు జాగ్రత్తపెట్టిన మేరకే దీనదయాళు మనకు మిగిలెను.