చదువుతోపాటు చేతిపని: ముస్లిం బాలికలకు బాట వేసిన సుగ్రా బేగం

సంగారెడ్డి, పటాన్‌చెరుల నుంచి పట్నం పోయే మన వారికి మెహదీపట్నం కొత్త కాదు. దాని పక్కనే ఉన్న పేట హుమాయూన్‌నగర్. అక్కడి సఫ్దరియా బాలికల పాఠశాలను నెలకొల్పినవారు శ్రీమతి సుగ్రా హుమాయూన్ మీర్జా. ముస్లిం ఆడపిల్లలు చదువుతోపాటు బతుకుతెరువు కూడా నేర్చుకోవాలని ఆమె జీవితాంతం పాటుపడ్డారు.

ఆమె 1884లో హైద్రాబాదులో జన్మించారు. తండ్రి సఫ్దర్ అలీ మీర్జా వైద్యులు. మన ప్రాంతం కూడా ఆనాడు నిజాం ఏలుబడిలోనే ఉండేది. ఘోషా పాటించే ఇళ్ళలో ఆడపిల్లలను బడికి పంపడం అరుదు. సుగ్రా ఇంట్లోనే ఉర్దూ, పారశీకం నేర్చుకున్నారు. 1901లో పాట్నాకు చెందిన బారిస్టరు హుమాయూన్ మీర్జాతో ఆమెకు వివాహమైంది. భార్య చేపట్టిన పనులకు ఆయన అండగా నిలిచారు.

ఆమె ఉర్దూలో నవలలు, కవితలు, యాత్రా విశేషాలు రాశారు. స్త్రీల కోసం అన్నిసా అనే పత్రికకు సంపాదకత్వం వహించారు. భర్తతో కలిసి యూరపు చూసి వచ్చారు. ముఖంపై ముసుగు లేకుండా నలుగురిలోకి వచ్చిన తొలి హైద్రాబాదు ముస్లిం మహిళల్లో ఆమె ఒకరు. ఆ రోజుల్లో అది చిన్న సాహసం కాదు.

ఇంటి యజమాని కన్నుమూస్తే గడప దాటని ఇల్లాలికి దిక్కెవరు? చేతిలో పని ఉంటే ఇంట్లో కూర్చునే నాలుగు రూపాయలు సంపాదించుకోవచ్చు. 1934లో సుగ్రా తండ్రి పేర సఫ్దరియా పాఠశాలను ప్రారంభించారు. అక్కడ అక్షరాలతోపాటు కుట్టుపని వంటి చేతిపనులు కూడా నేర్పించారు. తన ఆస్తిని వక్ఫు చేశారు. 1958లో ఆమె కన్నుమూశారు.

నేడు మన జిల్లాలో ఏ ఊరి ఆడపిల్ల అయినా కుట్టుమిషను నేర్చుకోవచ్చు. కాని కుట్టిన బట్టకు కూలి ఎంత రావాలో లెక్క కట్టడం, బ్యాంకు కాగితం చదివి సంతకం చేయడం కూడా రావాలి. అవి రాకపోతే సంపాదన ఆమెది, పెత్తనం మరొకరిది అవుతుంది. చదువును, పనిని ఒకే కప్పు కింద చేర్చిన సుగ్రా బేగం బాట అందుకే నేటికీ పాతబడలేదు.