స్వామి జ్ఞానానంద

స్వామి జ్ఞానానంద (డిసెంబర్ 5, 1896 - సెప్టెంబర్ 21, 1969) ప్రముఖ అణు భౌతిక శాస్త్రవేత్త, యోగి. పూర్వాశ్రమ నామము భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. శూన్య సాధనపై వ్రాసిన "హై వాక్యువా" అనే ఆంగ్ల గ్రంథం ఆయనకు పేరు తెచ్చింది.

బాల్యము, సన్యాసము

ఆయన పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం సమీపంలోని గొరగనమూడిలో జన్మించాడు. తండ్రి రామరాజు ఇంట వైదిక గ్రంథాలు విస్తారంగా ఉండేవి. నరసాపురం టేలర్ ఉన్నత పాఠశాలలో చదివిన పిమ్మట ఇల్లు విడిచి, హిమాలయ ప్రాంతంలో సుమారు పదేళ్ళు యోగసాధన చేశాడు.

ఐరోపాలో విద్య

1927లో జర్మనీ చేరిన ఈ సన్యాసిని ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఆకర్షించింది. ముప్పై ఏళ్ళు దాటిన వయసులో డ్రెస్డెన్‌లో గణిత, భౌతిక శాస్త్రాలకు విద్యార్థి అయ్యాడు. అంతవరకు ఆయనకు కళాశాల చదువు లేదన్నది గమనార్హం. ప్రేగ్‌లో ఎక్స్-కిరణాల వర్ణపటాలపై పరిశోధించి 1936లో డాక్టరేటు పొందాడు. తరువాత లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనుగొన్న ఛాడ్విక్ వద్ద బీటా కిరణాలపై కృషి చేశాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన సాగించాడు.

హై వాక్యువా

ఈ గ్రంథం 1947లో న్యూయార్క్‌లో వెలువడింది. గాలిని తోడే పంపులు, మిగిలిన పీడనాన్ని కొలిచే పరికరాలు ఇందులోని విషయం. చూడడానికి ఇది పనిముట్ల శాస్త్రమే గాని, అణు ప్రయోగాలన్నీ దీనిపైనే ఆధారపడతాయి. సాధారణ వాయుపీడనం వద్ద గాలి అణువు మరొక అణువును ఢీకొనకుండా మిల్లీమీటరులో పదివేలవ వంతు దూరమైనా పోలేదు. పీడనాన్ని వంద కోట్లవ వంతుకు తగ్గిస్తే ఆ దూరం పదుల మీటర్లవుతుంది. అపుడే అయాన్ల పుంజం చెదరకుండా లక్ష్యాన్ని చేరుతుంది.

ఆయన తరువాతి కాలంలో వృద్ధి చెందిన ఒక రంగం ఇందుకు చక్కని ఉదాహరణ. ఆర్గాన్ అయాన్లు సిలికాన్ వంటి అర్ధవాహకాన్ని ఏటవాలుగా తాకినపుడు ఉపరితలపు పరమాణువులు ఎగిరిపోయి, ఇసుకపై గాలి గీసినట్టు నానోమీటర్ల స్థాయిలో అలలు ఏర్పడతాయి. పల్లాలు మిట్టల కన్న త్వరగా అరుగుతాయని, పరమాణువుల సంచారం ఆ అరుగుదలను పూడుస్తుందని, ఈ రెంటి పోటీయే అల వెడల్పును నిర్ణయిస్తుందని బ్రాడ్లీ, హార్పర్‌లు 1988లో వివరించారు. సిలికాన్ విషయంలో ఈ వివరణ ఒక్కటే చాలదని తరువాత తేలింది. అయాన్లు నిటారుగా పడితే శుద్ధమైన సిలికాన్ నునుపుగానే ఉంటుంది. ఇనుము వంటి లోహం లేశమాత్రం చేరినా చుక్కలు పొడచూపుతాయి. కనుక ఇక్కడ గది శూన్యంగా ఉంటే చాలదు, నిర్మలంగానూ ఉండాలి.

స్వదేశాగమనం

భారతదేశానికి తిరిగి వచ్చి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశాడు. 1954లో విశాఖపట్నం వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతిక శాస్త్ర విభాగాన్ని నెలకొల్పాడు. మరణానంతరం అక్కడి అణు పరిశోధనా ప్రయోగశాలలకు ఆయన పేరు పెట్టారు.