గుండు జాడ వెదకిన తీగచుట్టలు
(అలెగ్జాండర్ గ్రాహం బెల్ జీవితమున ఒక ఘట్టము)

టెలిఫోను నిర్మాత బెల్ మహాశయుని పేరు విననివారు మన గ్రంథాలయ పాఠకులలో అరుదు. కాని ఆయన ఒక వేసవిలో నిద్రాహారములు మాని నిర్మించిన మరియొక యంత్రమును గూర్చి తెలిసినవారు కొలదిమందియే.

బెల్ 1847 మార్చి 3వ తేదీన స్కాట్లండులోని ఎడింబరో నగరమున జన్మించెను. తల్లికి వినికిడి తక్కువ. భార్య మేబెల్ బాల్యముననే జ్వరముచే చెవుడు పొందినది. బధిరులకు మాటలు నేర్పు వృత్తియే ఆయనను ధ్వనిశాస్త్రమునకును, 1876లో టెలిఫోనునకును చేర్చెను.

1881 జులై 2వ తేదీన వాషింగ్టను రైలు స్టేషనులో ఒకడు అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డును తుపాకితో కాల్చెను. గుండు ఒకటి దేహములోనే నిలిచిపోయెను. ఎక్స్ కిరణములు 1895లో గాని కనుగొనబడలేదు గదా! వైద్యులు వ్రేళ్లతోను శలాకలతోను గాయమును మరల మరల కెలకిరి. ఈ వార్త విని బెల్ తన సహాయకుడు టెయింటరుతో కూడి పనికి పూనుకొనెను.

ఆ యంత్రము తీరు వినుడు. రెండు తీగచుట్టలను ఒకదానిపై నొకటి కొంత ప్రక్కకు జరిపి అమర్చవలెను. ఒకదానియందు విద్యుత్తును తెంపి తెంపి పారించినచో, రెండవదానియందు ప్రేరణచే విద్యుత్తు పుట్టి, దానికి కలిపిన టెలిఫోనులో ధ్వని వినబడును. చుట్టలను మెల్లగా జరుపుచు పోగా ఒకచోట ప్రేరణ సరితూగి ధ్వని అణగిపోవును. ఆదోని ప్రత్తి అంగడిలో త్రాసు ముల్లు నడుమ నిలిచినట్లే యనుకొనుడు. అట్టి సమయమున లోహము దగ్గరకు వచ్చెనా, తూకము చెడి చెవిలో మ్రోత మరల మొదలగును. బెల్ గుండును పిడికిట దాచియు, మాంసఖండమున పొదిగియు, పూర్వయుద్ధములో తగిలిన గుండ్లను దేహమున మోయుచున్న పాత సైనికుల మీదను దీనిని పరీక్షించెను.

జులై 26న శ్వేతసౌధమున తొలి ప్రయత్నము జరిగెను. చెవిలో చిటపటలు తప్ప మరేమియు తేలలేదు. కండెన్సరును తప్పుగా కలిపినట్లు పిమ్మట తెలియవచ్చెను. ఆ దోషము ఆయన పక్షముదే, దాచి ప్రయోజనము లేదు. ఆగస్టు 1న మరల వెదకగా సన్నని మ్రోత విశాలముగా అంతటను వినబడెను. రోగి పరుపు క్రింద ఉక్కు తీగల పరుపు మరియొకటి కలదని ఆ తరువాత గాని ఆయనకు తెలియలేదు. అధ్యక్షుడు మన నులకమంచముపై పరుండియుండినచో ఆ చిక్కు వచ్చియుండదు. అయినను గుండు దొరకియుండునని చెప్పజాలము. ఏలయన, ప్రధాన వైద్యుడు కుడి ప్రక్కనే వెదకుమని పట్టుబట్టెను.

ఆ నెల 15వ తేదీన, బెల్ భార్య నెలలు నిండకయే కనిన మగశిశువు కొలది గంటలలో మరణించెను. ఆ దుఃఖములోను ఆయన పని విడువలేదు. సెప్టెంబరు 19న గార్ఫీల్డు మరణించెను. శవపరీక్షలో గుండు వెన్నెముకకు ఎడమవైపున కనబడెను.

బెల్ అంతటితో నిలువక, టెలిఫోనుకు సూదిని తగిలించి, దాని మొన లోహమును తాకినంతనే చప్పుడు వినబడునట్లు మరియొక సాధనమును కల్పించెను. ఎక్స్ కిరణములు వ్యాపించువరకు శస్త్రవైద్యులు దానిని వాడిరి. ఆయన 1922 ఆగస్టు 2న కెనడాలోని తన గృహమున కన్నుమూసెను.